ఎక్స్‌పెక్ట్, హోప్, యాంటిసిపేట్: ఏది ఎక్కడ వాడాలి?

"ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్ యువర్ రిప్లై బై టుమారో." హైదరాబాద్‌లో కూర్చుని లండన్ క్లయింటుకి ఈ వాక్యం రాసి పంపేవాళ్ళు మనలో బోలెడుమంది. రాసినవాళ్ళ మనసులో ఉన్నది "మీ జవాబు కోసం చూస్తుంటానండీ, రేపటికల్లా వస్తే బాగుంటుంది" అని. చదివినవాళ్ళకి అందేది "రేపటికల్లా జవాబు పెట్టు" అని. గ్రామర్ తప్పు లేదు, స్పెల్లింగ్ తప్పు లేదు, కంప్యూటర్ కూడా కింద ఎర్రగీత పెట్టదు, అందుకే ఎవరూ దీన్ని పట్టుకోరు, అవతలి మనిషి మాత్రం వీళ్ళేంటి ఇలా మాట్లాడుతున్నారు అనుకుంటాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఎక్స్‌పెక్ట్ అనే మాట మన రోజువారీ తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది. "నువ్వొస్తావని అస్సలు ఎక్స్‌పెక్ట్ చేయలేదు" అంటే ఊహించలేదని. "పెద్దగా ఎక్స్‌పెక్టేషన్స్ పెట్టుకోకుండా వెళ్ళు, సినిమా ఓకే" అంటే ఆశ, అంచనా రెండూ కలిపి. "వాళ్ళు కట్నం గట్టిగానే ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారట" అంటే నోరు తెరిచి అడగకుండానే అడుగుతున్నారని. ఊహ, ఆశ, డిమాండు, ఈ మూడూ ఒకే మాటలో పెట్టుకుని మనం హాయిగా బతికేస్తున్నాం, ఎందుకంటే తెలుగులో మాట్లాడేటప్పుడు గొంతు, మొహం, చుట్టరికం మిగతా పని చేసిపెడతాయి. ఇంగ్లీషు ఈమెయిల్‌లో అవేవీ ఉండవు. పైగా అక్కడ ఎక్స్‌పెక్ట్ పక్కనే హోప్, యాంటిసిపేట్, లుక్ ఫార్వర్డ్ టు, అవెయిట్ అని ఇంకో నలుగురు నిలబడి ఉంటారు, ఒకరి పని ఇంకొకరికి ఇస్తే తేడా కొడుతుంది.

డిక్షనరీ అర్థాలు బట్టీ పట్టడం కంటే రాసేముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం మేలు. ఇది జరుగుతుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏముంది? ఇది చేయమని అవతలి మనిషిని అడిగే హక్కు నాకుందా? మొదటి ప్రశ్న ఎక్స్‌పెక్ట్‌కీ హోప్‌కీ మధ్య తేల్చేస్తుంది. రెండోది ఉద్యోగాలు, స్నేహాలు కాపాడుతుంది.

ఆధారం ఉంటే ఎక్స్‌పెక్ట్, కోరిక ఉంటే హోప్

2025లో నైరుతి రుతుపవనాలు మే 27న కేరళను తాకుతాయని భారత వాతావరణ శాఖ ముందే చెప్పింది, నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చని కూడా చెప్పింది. మే 24నే వచ్చేశాయి. మామూలుగా రావాల్సిన తేదీ జూన్ 1. ఎక్స్‌పెక్ట్ అనే మాట అసలు స్వభావం ఇక్కడ కనిపిస్తుంది: లెక్క ఉంది, ఆ లెక్క ఎంత తప్పవచ్చో కూడా లెక్క ఉంది, వాన రావాలన్న కోరిక మాత్రం అందులో లేదు. వాతావరణ శాఖ వానను ఎక్స్‌పెక్ట్ చేస్తుంది. అనంతపురంలో వేరుశనగ విత్తనం కొని ఇంట్లో పెట్టుకున్న రైతు అదే వానను హోప్ చేస్తాడు, శాఖ ఏమన్నా అనకపోయినా అతనికి వాన కావాలి కాబట్టి.

ఇక్కడే మన నిఘంటువులు కొంచెం దెబ్బ తీస్తాయి. ఎక్స్‌పెక్ట్ పక్కన "ఆశించు" అని రాసి వదిలేస్తాయి. ఆశించడంలో కోరిక ఉంది, అందుకే తెలుగులో "నేను నష్టాన్ని ఆశించాను" అంటే వింతగా ఉంటుంది. ఇంగ్లీషులో నష్టాన్ని, తుఫానుని, ట్రాఫిక్ జామ్‌ని, పరీక్ష పోతుందని కూడా ఎక్స్‌పెక్ట్ చేయవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. "ఐ ఎక్స్‌పెక్ట్ టు ఫెయిల్" అన్నవాడు తన చదువు సంగతి తనకు తెలిసినవాడు. "ఐ హోప్ టు ఫెయిల్" అన్నవాడిని డాక్టరుకి చూపించాలి. కాబట్టి మీ వాక్యం తెలుగులో "అనుకుంటున్నా", "ఊహిస్తున్నా", "అంచనా" అన్న దగ్గర ఆగితే ఎక్స్‌పెక్ట్, "బాగుండు" అన్న దగ్గర ఆగితే హోప్.

కోరిక కలవని ఎక్స్‌పెక్ట్ కావాలంటే గణితంలోకి వెళ్ళాలి. పాచిక ఒకసారి వేస్తే దాని ఎక్స్‌పెక్టెడ్ విలువ 3.5. మూడున్నర చుక్కలున్న ముఖం ఏ పాచికకీ ఉండదు, అంటే జీవితంలో ఒక్కసారి కూడా పడని సంఖ్యని మనం ఎక్స్‌పెక్ట్ చేస్తున్నామన్నమాట! అక్కడ ఆ మాటకి అర్థం దీర్ఘకాలపు సగటు అని మాత్రమే. 1657లో డచ్ గణితవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ జూదపు లెక్కల మీద రాసిన చిన్న గ్రంథాన్ని ఆయన గురువు ఫ్రాన్స్ వాన్ స్కూటెన్ లాటిన్‌లోకి మారుస్తూ ఎక్స్‌పెక్టాషియో అన్న మాట వాడాడు, అది అలాగే గణితంలో ఉండిపోయింది. లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ కూడా అంతే. మనం దాన్ని ఆయుర్దాయం అంటాం, పెద్దవాళ్ళు నిండు నూరేళ్ళు అని దీవిస్తారు కానీ, ఆ గణాంకంలో దీవెన ఏమీ లేదు, ఒక జనాభాలో ఏ వయసువాళ్ళు ఎంతమంది పోతున్నారో చూసి వేసిన సగటు అది.

గర్భిణుల కార్డు మీద రాసే ఈడీడీ, అంటే ఎక్స్‌పెక్టెడ్ డేట్ ఆఫ్ డెలివరీ, మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. "డాక్టరు డేటు ఎప్పుడిచ్చింది?" అని అడుగుతాం. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి ఇచ్చే తేదీ అది, సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువ, అయినా ఆ రోజు దాటగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఎక్స్‌పెక్టెడ్ అన్న మాటని మాట ఇవ్వడంగా తీసుకోవడం వల్ల వచ్చే తంటా ఇది. అన్నట్టు, "షీ ఈజ్ ఎక్స్‌పెక్టింగ్" అని వాక్యం అక్కడితో ఆపేస్తే కడుపుతో ఉందని అర్థం. కాబట్టి టీమ్ మొత్తానికి "ఎస్, వియ్ ఆర్ ఎక్స్‌పెక్టింగ్" అని జవాబు పంపే మేనేజర్లు దేన్ని ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారో కూడా రాస్తే మంచిది.

రైలు స్టేషన్‌లో ఇంకో జత దొరుకుతుంది, డ్యూ, ఎక్స్‌పెక్టెడ్. టైమ్‌టేబుల్ ప్రకారం బండి 6.10కి డ్యూ, ఇప్పుడు అది ఉన్న చోటుని బట్టి 7.25కి ఎక్స్‌పెక్టెడ్. మొదటిది కాగితం మీది మాట, రెండోది ఈ క్షణపు అంచనా. ఆఫీసులో కూడా ఇదే పద్ధతి పెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. పని శుక్రవారానికి డ్యూ, కానీ సోమవారానికి ఎక్స్‌పెక్టెడ్ అని ముందే చెప్పేవాళ్ళ మీద ఎవరికీ పెద్దగా కోపం రాదు.

హోప్ గురించి గ్రామర్‌లో రెండే ముక్కలు. "ఐ ఎక్స్‌పెక్ట్ హిమ్ టు కమ్" సరైనది, "ఐ హోప్ హిమ్ టు కమ్" తప్పు, "ఐ హోప్ హీ కమ్స్" అనాలి. కాకూడదని కోరుకుంటే "ఐ డోంట్ హోప్ సో" కాదు, "ఐ హోప్ నాట్".

పక్కన మనిషి వస్తే మాట మారిపోతుంది

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఎక్స్‌పెక్ట్ పక్కన వాన, రైలు, పార్సిల్, ఫోన్ కాల్ ఉన్నంతసేపూ అది అంచనా. పక్కన ఒక మనిషి వచ్చి, ఆ వెనకే టు వచ్చి, ఆపైన చేయాల్సిన పని వచ్చిందంటే చాలాసార్లు అది ఆజ్ఞ అయిపోతుంది. "ఐ ఎక్స్‌పెక్ట్ రెయిన్" అంటే వానకేమీ అనిపించదు. "ఐ ఎక్స్‌పెక్ట్ యూ టు బి హియర్ ఎట్ నైన్" అంటే తొమ్మిదింటికి ఇక్కడ ఉండి తీరాలి, లేకపోతే మాట పడాలి.

ఈ తేడా మీద చరిత్రలో ఒక మంచి సంఘటన ఉంది. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ దగ్గర ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలతో యుద్ధం మొదలయ్యే ముందు ఇంగ్లండ్ అడ్మిరల్ నెల్సన్ తన నౌకలన్నిటికీ జెండాలతో ఒక సందేశం పంపమన్నాడు. ఆయన మొదట అన్న మాట "కన్ఫైడ్స్". ప్రతి ఒక్కడూ తన విధి నిర్వర్తిస్తాడని ఇంగ్లండ్‌కి నమ్మకం ఉంది అని ఆ రోజుల్లో దాని భావం. సిగ్నల్ చూసే లెఫ్టినెంట్ జాన్ పాస్కో, కోడ్ పుస్తకంలో కన్ఫైడ్స్ లేదు, అక్షరం అక్షరం జెండాలు ఎగరేయాలి, ఎక్స్‌పెక్ట్స్ అయితే పుస్తకంలో సిద్ధంగా ఉంది, త్వరగా అయిపోతుంది అన్నాడు. నెల్సన్ సరే అన్నాడు. అలా టైమ్ కలిసి రావడం కోసం ఒక మాట మారి "ఇంగ్లండ్ ఎక్స్‌పెక్ట్స్ దట్ ఎవ్రీ మ్యాన్ విల్ డూ హిజ్ డ్యూటీ" అయింది, మీ మీద నాకు నమ్మకం ఉంది అన్న పలకరింపు కాస్తా మీ నుంచి దేశానికి ఇది రావాలి అన్న హెచ్చరికగా మారింది. నెల్సన్ తర్వాతి స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్ ఆ జెండాలు చూసి, ఏం చేయాలో మాకు తెలుసులే, ఈయన సిగ్నళ్ళు ఆపితే బాగుండు అని విసుక్కున్నాడంటారు. ఆ వాక్యం తర్వాత ఎంత గొప్పదైనా, వినగానే కొందరికి చురుక్కుమనడం సహజమే.

కాబట్టి క్లయింటుకి, ప్రొఫెసర్‌కి, మీకంటే పెద్ద హోదాలో ఉన్నవాళ్ళకి రాసేటప్పుడు ఎక్స్‌పెక్ట్ పక్కన యూ గానీ యువర్ గానీ పెట్టకండి. తేదీ నిజంగా ముఖ్యమైతే దాచుకోకుండా కారణంతో అడగండి: "కుడ్ యూ ప్లీజ్ లెట్ మీ నో బై థర్స్‌డే? వియ్ హ్యావ్ టు ప్లేస్ ద ఆర్డర్ ఆన్ ఫ్రైడే." ఇది ఎక్స్‌పెక్ట్ కంటే మర్యాదగా ఉంటుంది, పని కూడా త్వరగా అవుతుంది, ఎందుకంటే గురువారమే ఎందుకో అవతలివాళ్ళకి అర్థమైంది.

దీనికి సరిగ్గా ఎదురు పొరపాటు ఇంకొకటి ఉంది, అది నాకు ఇంకా చిరాకు. హక్కు ఉన్న చోట మనవాళ్ళు హోప్‌లోకి దిగిపోతారు. డబ్బు కట్టిన వస్తువు పాడైపోయి వచ్చింది, కంపెనీకి రాసే ఉత్తరంలో "ఐ హోప్ యూ విల్ కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని బతిమాలతారు. ఎందుకండీ? అక్కడ మీకు హక్కుంది, రాయాల్సింది "ఐ ఎక్స్‌పెక్ట్ ఎ ఫుల్ రిఫండ్ విదిన్ సెవెన్ డేస్". ఇల్లు ఖాళీ చేశాక అడ్వాన్సు తిరిగి ఇవ్వని ఓనరుకి, ఒప్పందం ప్రకారం పని పూర్తి చేయని కాంట్రాక్టరుకి ఎక్స్‌పెక్టే సరైన మాట, దాని పదును అక్కడ పనికొస్తుంది. కోర్టుల్లో కూడా లెజిటిమేట్ ఎక్స్‌పెక్టేషన్ అని ఒక సిద్ధాంతం ఉంది. ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకీ కామధేను క్యాటిల్ ఫీడ్ సంస్థకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. పౌరుడి న్యాయమైన ఎక్స్‌పెక్టేషన్ దానంతటదే అమలు చేయించుకోగల హక్కు కాకపోవచ్చు గానీ, ప్రభుత్వ సంస్థ దాన్ని అసలు లెక్కలోకే తీసుకోకపోతే ఆ నిర్ణయం ఏకపక్షం అనిపించుకోవచ్చు. న్యాయస్థానం లెక్కలోకి తీసుకునేది ఎక్స్‌పెక్టేషన్‌నే, హోప్ ఎంత గట్టిదైనా దానికి అక్కడ చోటు లేదు.

ఒక మినహాయింపు చెప్పి ముందుకెళ్దాం. బ్రిటిష్‌వాళ్ళు "ఐ ఎక్స్‌పెక్ట్ యూ ఆర్ టయర్డ్" అంటే మీరు అలిసిపోయి తీరాలని కాదు, "అలిసిపోయి ఉంటారు" అని, మన "ఉంటారులెండి" లాంటిదే. అక్కడ టు లేదు, చేయాల్సిన పని లేదు, గమనించండి. అమెరికాలో దీనికి ఐ గెస్ అనో ఐ సపోజ్ అనో అంటారు.

ఎక్స్‌పెక్ట్ ఫ్రమ్, ఎక్స్‌పెక్ట్ ఆఫ్ తేడా కూడా చిన్నదే. మనిషి నుంచి ఉత్తరమో డబ్బో రావాలంటే ఫ్రమ్. మనిషి స్థాయి గురించైతే ఎక్కువగా ఆఫ్ వస్తుంది: "ఐ ఎక్స్‌పెక్టెడ్ బెటర్ ఆఫ్ యూ". మన ఇళ్ళలో "నువ్వు ఇలా చేస్తావనుకోలేదురా" అన్నప్పుడు వచ్చే మంట అంతా ఆ ఆఫ్‌లో ఉంటుంది.

యాంటిసిపేట్ బరువైన ఎక్స్‌పెక్ట్ కాదు

కొంచెం గొప్పగా ఉండాలని ఎక్స్‌పెక్ట్ తీసేసి యాంటిసిపేట్ పెడతారు కొందరు. ఇంగ్లీషువాళ్ళు కూడా పెడతారు, ఇప్పుడు అది తప్పు అనే రోజులు పోయాయి. కానీ ఆ మాటకి సొంతంగా ఒక పని ఉంది, దాన్ని పాడుచేసుకోవడం నాకిష్టం లేదు. ముందే ఊహించడం ఎక్స్‌పెక్ట్, ముందే ఊహించి దానికి తగ్గట్టు ఏదో చేసి పెట్టుకోవడం యాంటిసిపేట్. లాటిన్‌లో దాని మూలం కూడా ముందుగా తీసుకోవడం అన్నదే.

టీవీ పెడితే రోజూ వినిపించే ముందస్తు బెయిల్ ఇంగ్లీషులో యాంటిసిపేటరీ బెయిల్. పోలీసులు వస్తారని ఊహించి కూర్చోవడం కాదు, వాళ్ళు వచ్చేలోపే కోర్టుకి వెళ్ళడం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది సెక్షన్ 438, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 482. తమాషా ఏమిటంటే ఆ సెక్షన్ శీర్షికలో యాంటిసిపేటరీ అన్న మాటే కనిపించదు, అరెస్టు అవుతానని ఆందోళనలో ఉన్నవాళ్ళకి బెయిల్ అన్న అర్థంలో ఉంటుంది, యాంటిసిపేటరీ అనేది అందరి నోళ్ళలో నిలబడిపోయిన పేరు. అరెస్టును ఎక్స్‌పెక్ట్ చేసినవాడు ఇంట్లో భయపడుతూ ఉంటాడు, యాంటిసిపేట్ చేసినవాడు లాయరు ఆఫీసులో ఉంటాడు.

ప్రాజెక్టు రిపోర్టులో "వియ్ యాంటిసిపేటెడ్ ద డిలే" అని రాస్తే, చదివినవాళ్ళు "మరి ఏం చేశారు?" అని అడగవచ్చు. మీరేమీ చేయకపోతే ఎక్స్‌పెక్టెడ్ అని రాసుకోండి, గొడవ ఉండదు. ఇంకోటి, యాంటిసిపేట్ తర్వాత క్రియ వస్తే దానికి ఇంగ్ చేర్చాలి. "వియ్ యాంటిసిపేట్ టు రిసీవ్" కాదు, "వియ్ యాంటిసిపేట్ రిసీవింగ్".

ఎదురుచూపుల మాటలు

లుక్ ఫార్వర్డ్ టు సంతోషంగా ఎదురుచూసేవాటికి మాత్రమే. ఆపరేషన్‌కి, ఆడిట్‌కి ఎవరూ లుక్ ఫార్వర్డ్ చేయరు. మనవాళ్ళ ఈమెయిళ్ళలో ఎక్కువగా కనిపించే తప్పు "లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ", మీటింగ్ అనాలి. ఐ లుక్ ఫార్వర్డ్ అంటే కొంచెం లాంఛనంగా, ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ అంటే కొంచెం చనువుగా ఉంటుంది, అంతే. అవెయిట్‌కి ఫర్ అక్కర్లేదు, అవెయిటింగ్ ఫర్ అని రాస్తే ఒకే బస్సుకి రెండు టికెట్లు కొన్నట్టు. పైగా అది ప్రభుత్వ ఉత్తరాల భాషలా బిర్రుగా ఉంటుంది, స్నేహితులకి వద్దు. "ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై" అనేది గ్రామర్‌గా బాగానే ఉన్నా చదివితే వాచీ చూసుకుంటూ నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. కొత్త పరిచయాలకి "ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ" క్షేమం. అరిగిపోయిన వాక్యమే, కానీ దానితో ఎవరికీ కోపం రాదు.

ఉద్యోగాల సంగతికొస్తే, ఫారంలో ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అని గడి ఉంటే అంకె రాసేయండి, అక్కడ మొహమాటపడి నెగోషియబుల్ అని మాత్రమే రాసినవాళ్ళకి రెండోసారి ఫోన్ చేసి అదే ప్రశ్న అడుగుతారు. మాటల్లో అడిగినప్పుడు, చేతిలో ఇంకో ఆఫర్ ఉంటే "ఐ ఎక్స్‌పెక్ట్" అనవచ్చు, ఆధారం ఉంది కదా. లేకపోతే "ఐ యామ్ లుకింగ్ ఫర్ సంథింగ్ అరౌండ్" అని మొదలుపెడితే తగ్గడానికీ పెరగడానికీ చోటుంటుంది. "ఐ యామ్ హోపింగ్ ఫర్" అంటే బేరం మొదలవకముందే ఒక మెట్టు దిగినట్టే. అమెరికాలో ఇంకా చదువుతున్న పిల్లలు రెజ్యుమేలో డిగ్రీ పక్కన ఎక్స్‌పెక్టెడ్ అని నెల, సంవత్సరం రాస్తారు, అది సరైన పద్ధతే, కోర్సులు లెక్క ప్రకారం పూర్తవుతున్నాయి కాబట్టి.

పెళ్ళి కార్డులో ఇంగ్లీషు వైపు ఏం వేయించాలి అన్నది చివరిది. రిక్వెస్ట్ ద ప్లెజర్ ఆఫ్ యువర్ కంపెనీ అన్న పాత ముక్క వేయించండి, లేదా సాదాగా వియ్ హోప్ యూ కెన్ జాయిన్ అస్ అనండి, విదేశాల్లో ఉన్నవాళ్ళకైతే వియ్ విల్ మిస్ యూ ఇఫ్ యూ కాంట్ అని చేత్తో రాసి కలిపినా బాగుంటుంది. వియ్ ఎక్స్‌పెక్ట్ యూ టు అటెండ్ అని మాత్రం వద్దు, రాకపోతే ఊరుకోం అన్నట్టుంటుంది. మేనమామల విషయంలో అది నిజమే అనుకోండి, అయినా కార్డు మీద అచ్చువేయించే సంగతి కాదు, ఫోన్‌లో అత్తయ్యకి చెబితే సరిపోతుంది.